వీర భయానకాల ఏకాశ్రయం: 'పారసైట్ ఈవ్' వీడియో గేమ్‌లో నాయికా చిత్రణ

వ్యాససంగ్రహం

జపాన్‌కు చెందిన స్క్వేర్ సంస్థ 1998లో ప్లేస్టేషన్ కోసం రూపొందించిన 'పారసైట్ ఈవ్' వీడియో గేమ్‌ను రససిద్ధాంత దృష్టితో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. సర్వైవల్ హారర్ ప్రక్రియ ఆడేవారి బలహీనతపై, రోల్ ప్లేయింగ్ ప్రక్రియ పాత్ర శక్తి పెరగడంపై ఆధారపడతాయి. ఈ రెండింటినీ కలిపినప్పుడు భయానకం, వీరం అనే విరోధి రసాలు ఒకే ఆశ్రయంలో చేరతాయి. ఈ గేమ్ నాయికకు శక్తినిచ్చే మూలాన్నే ఆమె భయానికి కారణం చేసి ఆ విరోధాన్ని చాలావరకు పరిహరించిందని, అయితే గణితరూపమైన ఆటవిధానం ఆ పరిష్కారాన్ని చివరిదాకా నిలబెట్టలేకపోయిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వీడియో గేమ్, సర్వైవల్ హారర్, రోల్ ప్లేయింగ్, భయానకం, వీరం, రసవిరోధం, ఆశ్రయం, నాయిక, మైటోకాండ్రియా.

1. ఉపోద్ఘాతం

కావ్యాన్ని దృశ్యమనీ శ్రవ్యమనీ మన లాక్షణికులు రెండుగా విభజించారు. వీడియో గేమ్ ఈ రెండింటిలోనూ పూర్తిగా ఇమడదు. అందులో చూసేది ఉంది, వినేది ఉంది. వాటిని మించి చేసేది ఉంది. నవల చదువుతున్నవారు పుట తిప్పడం మానేస్తే కథ ఆగుతుంది గాని నాయికకు ప్రాణహాని కలగదు. గేమ్‌లో ఆడేవారు క్షణకాలం ఏమరితే నాయిక మరణిస్తుంది. పాఠకుడు శ్రమించి దారి ఏర్పరచుకోవలసిన ఇటువంటి రచనలను నార్వే విద్వాంసుడు ఎస్పెన్ ఆర్సెత్ 1997లో వెలువరించిన 'సైబర్‌టెక్స్ట్' గ్రంథంలో 'ఎర్గోడిక్' రచనలుగా వ్యవహరించాడు.

తెలుగు విమర్శలో ఈ మాధ్యమానికి దక్కిన చోటు చాలా తక్కువ. గేమ్ గురించిన మాట సాధారణంగా పిల్లల అలవాట్ల దగ్గరో, సాంకేతిక పరిజ్ఞానం దగ్గరో ఆగిపోతుంది. గేమ్ ఒక అనుభవాన్ని ఎలా నిర్మిస్తుంది, అందుకు ఏ సామగ్రిని వాడుతుంది అన్న ప్రశ్నలు మిగిలిపోతాయి. విభావానుభావాల పరిభాషకు అలవాటుపడిన సాహిత్య విద్యార్థులు ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పగలరు. అందుకు అనువైన గేమ్‌గా 'పారసైట్ ఈవ్'ను ఇక్కడ స్వీకరించడం జరిగింది. భయం ప్రధానంగా గల గేమ్‌లో స్త్రీని నాయికగా నిలిపినప్పుడు ఆమె కేవలం భయపడే పాత్రగా మిగిలిందా, లేక భయానికి కొత్త అర్థం కల్పించిందా అన్నది పరిశీలించవలసిన అంశం.

2. రెండు ప్రక్రియలు: రెండు స్వభావాలు

సర్వైవల్ హారర్‌ను 'బతికి బయటపడవలసిన భయానక గేమ్' అని స్థూలంగా చెప్పుకోవచ్చు. ఆడేవారి చేతిలో తూటాలు తక్కువ, మందులు తక్కువ, సంచిలో చోటు తక్కువ. శత్రువును ఎదుర్కోవడమా, తప్పించుకోవడమా అన్న నిర్ణయం అడుగడుగునా తీసుకోవలసి వస్తుంది. క్యాప్‌కామ్ సంస్థ 1989లో విడుదల చేసిన 'స్వీట్ హోమ్', ఫ్రాన్స్‌లో 1992లో రూపొందిన 'అలోన్ ఇన్ ది డార్క్', 1995లో వచ్చిన 'క్లాక్ టవర్' ఈ మార్గానికి పునాది వేశాయి. క్యాప్‌కామ్‌వారిదే 1996 నాటి 'రెసిడెంట్ ఈవిల్'తో సర్వైవల్ హారర్ అన్న పేరు స్థిరపడింది.

ఈ ప్రక్రియలో స్త్రీపాత్రలు మొదటి నుంచీ ఉన్నాయి. 'అలోన్ ఇన్ ది డార్క్'లో ఎమిలీ హార్ట్‌వుడ్‌ను ఎంచుకుని ఆడవచ్చు. 'క్లాక్ టవర్'లో జెన్నిఫర్ అనే అనాథ బాలిక పెద్ద కత్తెర పట్టుకుని వెంటాడే హంతకుని నుంచి దాక్కుంటుంది. 'రెసిడెంట్ ఈవిల్'లో జిల్ వాలెంటైన్ రెండు ప్రధాన పాత్రలలో ఒకరు.

రోల్ ప్లేయింగ్ గేమ్ స్వభావం దీనికి భిన్నం. 1974 నాటి 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే బల్లపై ఆడే ఆట నుంచి వచ్చిన ఈ పద్ధతి జపాన్‌లో 1986 నాటి 'డ్రాగన్ క్వెస్ట్', 1987 నాటి 'ఫైనల్ ఫాంటసీ'లతో బలపడింది. పాత్ర పోరాడిన కొద్దీ అనుభవాంకాలు చేరతాయి, స్థాయి పెరుగుతుంది, ఆయుధాలు పదునెక్కుతాయి. నిన్న ఓడించిన శత్రువు నేడు సులభంగా ఓడిపోతాడు. ఇక్కడి ఆనందం ఎదుగుదలలో ఉంది.

ఒకదానికి లేమి ప్రాణం, మరొకదానికి సమృద్ధి ప్రాణం. ఈ రెండింటినీ కలిపిన గేమ్ రూపకర్తకు ఎదురయ్యే చిక్కు సాంకేతికమైనది మాత్రమే కాదు. అది రసానికి సంబంధించిన చిక్కు.

3. రసవిరోధ సమస్య

భరతుని ప్రకారం వీరానికి ఉత్సాహం, భయానకానికి భయం స్థాయిభావాలు. వికృతధ్వనులు వినడం, భూతాదులను చూడడం, అడవికో శూన్యగృహానికో వెళ్లడం భయానకానికి విభావాలుగా నాట్యశాస్త్రం పేర్కొంది. పాడుబడ్డ భవనం, చీకటి నడవ, తలుపు వెనుక నుంచి వినిపించే చప్పుడు అన్న సర్వైవల్ హారర్ సామగ్రి ఈ జాబితాకు ఎంత దగ్గరగా ఉందో వేరే చెప్పనక్కరలేదు.

అయితే నాట్యశాస్త్రంలోనే మరొక అంశం ఉంది. వీరం ఉత్తమప్రకృతికి చెందినదని, భయం స్త్రీలకూ నీచప్రకృతులకూ చెందినదని అది నిర్దేశించింది. అంటే ఏ రసం ఎవరికి తగినదన్న విభజనలో స్త్రీకి భయాన్ని కేటాయించడం జరిగింది. హంతకుని నుంచి పారిపోయే జెన్నిఫర్ పాత్ర ఈ విభజనకు లోబడినట్టే కనిపిస్తుంది. పాశ్చాత్య విమర్శలోనూ ఇదే చర్చ మరోరూపంలో సాగింది. కరోల్ క్లోవర్ 1992లో హారర్ సినిమాలను పరిశీలిస్తూ, చివరిదాకా బతికి హంతకుణ్ణి ఎదిరించే యువతిని 'ఫైనల్ గర్ల్' అని పేర్కొంది. బార్బరా క్రీడ్ 1993లో వెలువరించిన గ్రంథంలో స్త్రీ బాధితురాలిగానే కాక భీకరమూర్తిగానూ చిత్రితమవుతుందని, ఆ భీకరత్వం తరచు ఆమె పునరుత్పత్తి శక్తితో ముడిపడి ఉంటుందని వివరించింది.

వీర భయానకాలు పరస్పర విరోధులని ఆలంకారికుల మతం. ఉత్సాహం ఉన్నచోట భయం నిలవదు. భయం ఉన్నచోట ఉత్సాహం క్షీణిస్తుంది. ఒకే ఆశ్రయంలో విరుద్ధమైన ఈ రెండింటినీ పోషించవలసి వస్తే ఆశ్రయాలను వేరుచేయాలని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం తృతీయోద్ద్యోతంలో పరిహారం చెప్పాడు. వీరాన్ని నాయకునిలో, భయాన్ని ప్రతిపక్షంలో నిలిపితే దోషం లేదు. పైగా నాయకుని పరాక్రమం మరింత ప్రకాశిస్తుంది.

రోల్ ప్లేయింగ్ స్వభావం గల సర్వైవల్ హారర్‌కు ఈ పరిహారం పనికిరాదు. భయాన్ని శత్రువుకు అప్పగిస్తే అది వీరగాథ అవుతుంది గాని హారర్ కాదు. భయపడవలసినవారూ ఎదగవలసినవారూ ఒక్కరే. 'పారసైట్ ఈవ్' ఈ చిక్కును ఎలా విప్పిందో చూడడానికి ముందు దాని పుట్టుపూర్వోత్తరాలను తెలుసుకోవలసి ఉంది.

4. నవల నుంచి గేమ్‌కు

తొహోకు విశ్వవిద్యాలయంలో ఔషధశాస్త్రం అభ్యసించిన హిదెయాకి సెనా 1995లో 'పారసైట్ ఈవ్' నవల వెలువరించాడు. దానికి జపాన్ హారర్ నవలా పురస్కారం లభించింది. 1997లో మసయుకి ఒచియై దర్శకత్వంలో అది చలనచిత్రమైంది. నవలలో తొషియాకి అనే పరిశోధకుని భార్య కియోమి కారు ప్రమాదానికి గురై మరణిస్తుంది. ఆమె మూత్రపిండాన్ని ఒక బాలికకు అమరుస్తారు. వియోగం భరించలేని భర్త ఆమె కాలేయకణాలను ప్రయోగశాలలో పెంచుతాడు. ఆ కణాలలోని మైటోకాండ్రియాలు తమ సొంత సంకల్పంతో తిరగబడడం నవలలోని భయానక వస్తువు.

స్క్వేర్ సంస్థ దీన్ని యథాతథంగా అనుసరించలేదు. తకాషి తొకిత దర్శకత్వంలో, హిరొనొబు సకగుచి నిర్మాణంలో రూపొందిన గేమ్ నవలా సంఘటనలను జపాన్‌లో గతంలో జరిగినవిగా స్వీకరించి, కొత్త కథను న్యూయార్క్ నగరంలో నడిపింది. తెత్సుయ నొముర పాత్రలకు రూపకల్పన చేయగా యోకో షిమొముర సంగీతం సమకూర్చింది. జపాన్‌లో 1998 మార్చిలోను, ఉత్తర అమెరికాలో అదే ఏడాది సెప్టెంబరులోను విడుదలైన ఈ గేమ్‌ను సంస్థ 'సినిమాటిక్ ఆర్.పి.జి.' అని ప్రచారం చేసింది.

ఈ మార్పులో విమర్శకులు గమనించదగిన అంశం ఒకటుంది. నవలకు కేంద్రం భార్యను కోల్పోయిన పురుషుని శోకం. స్త్రీ శరీరం అతని ప్రయోగానికి వస్తువు. గేమ్‌లో ఆ భర్త స్థానం లేదు. దాని బదులు ఇద్దరు తోబుట్టువుల సంబంధం వచ్చింది. మృతురాలి శరీరభాగం మరొక స్త్రీకి దక్కడం అన్న నవలా బీజం నిలిచింది గాని దానికి అర్థం చెప్పుకోవలసిన బాధ్యత పురుషుని నుంచి స్త్రీకి మారింది.

5. ఇతివృత్తం

1997 డిసెంబరు 24. న్యూయార్క్ పోలీసు శాఖలో కొత్తగా చేరిన అయా బ్రియా కార్నెగీ హాలులో ఒపేరా చూడడానికి వస్తుంది. గాయని మెలిస్సా పియర్స్ పాడుతుండగా రంగస్థలంపై ఉన్నవారు, ప్రేక్షకులు ఒక్కసారిగా మంటల్లో చిక్కుకుంటారు. అయాకు ఏమీ కాదు. మెలిస్సా శరీరాన్ని ఆక్రమించిన శక్తి తన పేరు ఈవ్ అని చెప్పి, అయాలోని మైటోకాండ్రియాలు కూడా మేల్కొంటున్నాయని ప్రకటించి మాయమవుతుంది.

అక్కడి నుంచి కథ ఆరు రోజులుగా సాగుతుంది. సెంట్రల్ పార్కులో కచేరీకి వచ్చిన జనం కరిగి ఒకే ముద్దగా మారిపోతారు. అయా సహోద్యోగి డేనియల్ మాజీ భార్య అందులో కలిసిపోతుంది. కొడుకు బెన్ మాత్రం తప్పించుకుంటాడు. నగరం ఖాళీ అవుతుంది. పోలీసు ఠాణాపై దాడి జరుగుతుంది. బెన్‌కు ప్రియమైన పోలీసు కుక్క షీవా మృగంగా మారి ఎదురుతిరుగుతుంది. ఆసుపత్రిలోని వీర్యనిధి కోసం ఈవ్ రావడంతో ఆమె లక్ష్యం సంతానమని తేలుతుంది. మ్యూజియంలో క్లాంప్ అనే శాస్త్రవేత్త ఆమెకు సహకరించాడని బయటపడుతుంది. స్వేచ్ఛాప్రతిమ దగ్గర, ఆ తరువాత యుద్ధనౌకపై చివరి పోరాటాలు జరుగుతాయి.

మధ్యలో అయాకు తన గతం తెలుస్తుంది. కారు ప్రమాదంలో తల్లితో పాటు మరణించిన సోదరి మాయా కంటి కార్నియాను చిన్ననాడు అయాకు అమర్చారు. అదే మాయా మూత్రపిండం మెలిస్సాకు దక్కింది. నాయిక, ప్రతినాయిక ఇద్దరూ ఒకే దాతనుంచి పొందినవారు.

ఇక్కడే రసవిరోధ పరిష్కారం ఉంది. ఈవ్ సమీపానికి వెళ్లిన ఎవరైనా దహించుకుపోతారు. డేనియల్ ధైర్యవంతుడే, కాని అతడు కారు నడిపి అయాను గుమ్మం దాకా దింపగలడు. లోపలికి ఆమె ఒక్కతే వెళ్లాలి. ఆమెను కాపాడేదీ, ఆమెకు శక్తినిచ్చేదీ ఈవ్‌లో ఉన్న పదార్థమే. ఆమె ఎంత బలపడితే అంతగా ఈవ్‌ను పోలుతుంది. సాధారణంగా శక్తి పెరిగితే భయం తగ్గాలి. ఈ కథలో శక్తి పెరగడమే భయకారణం. ఆనందవర్ధనుడు ఆశ్రయాన్ని వేరుచేయమన్నాడు. ఈ గేమ్ ఆశ్రయాన్ని వేరుచేయకుండా ఆలంబనాన్ని మార్చింది. మొదట ఈవ్ భయానికి ఆలంబనం; క్రమంగా అయాకు తన శరీరమే ఆలంబనం అవుతుంది. ఉత్సాహానికీ భయానికీ మూలం ఒక్కటి కావడంతో ఒకటి మరొకదాన్ని చంపకుండా పెంచుతుంది.

6. పోరాటవిధానంలో భయోత్సాహాలు

కథలో చెప్పిన మాటను ఆటవిధానం సమర్థించకపోతే అది గేమ్‌లో నిలవదు. కనుక పోరాటపద్ధతిని కొంత వివరంగా చూడాలి.

శత్రువు ఎదురైనప్పుడు అయాను తెరపై ఎటైనా నడిపించవచ్చు. అయితే కాల్చడానికి ఒక సమయపట్టీ నిండాలి. అది నిండేదాకా దాడిని తప్పించుకుంటూ తిరగడమే పని. పట్టీ నిండిన తరువాత మీట నొక్కితే కాలం ఆగిపోతుంది. అయా చుట్టూ గీతలతో అల్లిన అర్ధగోళం తెరుచుకుని తూటా ఎంతదూరం చేరగలదో చూపుతుంది. అప్పుడు ఆలోచించి గురి ఎంచుకోవాలి. దగ్గరగా ఉంటే దెబ్బ బలంగా తగులుతుంది, కాని ప్రమాదమూ ఎక్కువే.

ఈ పద్ధతిలో రెండు ప్రక్రియలూ ఒకదాని తరువాత ఒకటి వంతులవారీగా వస్తాయి. పట్టీ నిండేవరకు నిస్సహాయత, అంటే సర్వైవల్ హారర్. కాలం ఆగినప్పుడు యోచన, అంటే రోల్ ప్లేయింగ్. భయోత్సాహాలు కొన్ని క్షణాల వ్యవధిలో మారుతుంటాయి. విరోధి రసాల మధ్య వ్యవధానం ఉంచాలన్న ఆలంకారికుల మరో సూచనకు ఇది యాదృచ్ఛికంగానే అయినా చక్కని ఉదాహరణ.

అయాకు తూటాలతో పాటు 'పారసైట్ ఎనర్జీ' అనే శక్తి ఉంది. అది మైటోకాండ్రియాల నుంచి వచ్చేది. మొదట లభించేవాటిలో గాయం మాన్పడం, విషం విరచడం, రక్షణ కల్పించడం వంటివి ఎక్కువ. స్థాయి పెరిగిన కొద్దీ ఇంకా బలమైనవి వస్తాయి. వాటిలో చివరిదశకు చెందిన 'లిబరేట్' అనే శక్తిని వాడినప్పుడు అయా రూపమే మారిపోయి, ఈవ్‌ను తలపించే ఆకారంతో శత్రువుపై విరుచుకుపడుతుంది. గేమ్ మొత్తానికి ఇదే కీలకమైన సంకేతం. ఆడేవారు గెలవడానికి తమ ఇష్టంతో, తమ వేలితో నాయికను శత్రురూపంలోకి మారుస్తున్నారు. నవలలో రచయిత చెప్పవలసిన మాటను ఇక్కడ ఆడేవారే చేసి చూపుతున్నారు.

అంతిమ పోరాటమూ ఈ సూత్రాన్నే పాటిస్తుంది. ఈవ్ మరణించాక ఆమె సంతానం మామూలు తూటాలకు లొంగదు. జపాన్ శాస్త్రవేత్త మయెద అయా కణాలతో ప్రత్యేకమైన తూటాలు తయారుచేస్తాడు. డేనియల్ హెలికాప్టర్ నుంచి దూకి, ఒంటికి నిప్పంటుకుంటున్నా వాటిని ఆమెకు అందిస్తాడు. ఆయుధం సైతం ఆమె శరీరంలో నుంచే రావలసి వచ్చింది.

భయానికి సంబంధించి మరొక సూక్ష్మాంశం ఉంది. ఆటను భద్రపరచుకోవడానికి టెలిఫోన్లు ఉన్న చోటులే ఆధారం. అయా మరణిస్తే గత టెలిఫోను నుంచి మళ్లీ ఆడాలి. కాబట్టి ఆడేవారు పడే భయంలో కొంత అయా కోసం, కొంత తమ గంటసేపటి శ్రమ కోసం. ఈ రెండవది లౌకికభయం. సహృదయుడు తన సొంత సుఖదుఃఖాలకు వశుడైపోవడాన్ని అభినవగుప్తుడు రసవిఘ్నాలలో ఒకటిగా పరిగణించాడు. గేమ్ మాత్రం ఆ విఘ్నాన్నే సాధనంగా వాడుకుంటుంది. లౌకికభయం ఒంటికి ఎక్కినప్పుడే చీకటి నడవలో అడుగు తడబడుతుంది. రససిద్ధాంతాన్ని గేమ్‌లకు అన్వయించేవారు ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న ఇది: ఆడేవారు సామాజికులా, నటులా? వారు ఏకకాలంలో రెండూ అయితే సాధారణీకరణం ఎక్కడ జరుగుతుంది? 'పారసైట్ ఈవ్' అనుభవాన్ని బట్టి, అది కాలం ఆగిన క్షణాలలో జరుగుతుందని చెప్పడానికి అవకాశం ఉంది. ఆ క్షణంలో ఆడేవారికి ప్రమాదం లేదు. అయాను, శత్రువును, వారి మధ్య దూరాన్ని ప్రేక్షకులవలె చూడగలుగుతారు.

7. నాయికగా అయా బ్రియా

మన లక్షణగ్రంథాలలో స్వాధీనపతిక మొదలుకొని అభిసారిక వరకు అష్టవిధ నాయికలను నిర్వచించడానికి నాయకునితో గల సంబంధమే కొలమానం. అతడు దగ్గరున్నాడా, దూరమయ్యాడా, మోసగించాడా అన్నదాన్ని బట్టి ఆమె అవస్థ నిర్ణయమవుతుంది. అయాకు ఈ కొలమానం వర్తించదు. ఒపేరాకు ఆమెతో వచ్చిన యువకుడు మొదటి దృశ్యం తరువాత కథలో లేడు. డేనియల్ స్నేహితుడు, మయెద మొహమాటస్తుడైన అభిమాని. ఆమె అవస్థను నిర్ణయించేది మరణించిన సోదరితో, తిరగబడిన ఈవ్‌తో గల సంబంధాలు.

తొలి పోరాటంలో అయా నల్లని సాయంకాలపు దుస్తులలో పిస్తోలు పట్టుకుని ఉంటుంది. ఆ తరువాత సాధారణ దుస్తులలో కనిపిస్తుంది. స్త్రీశరీరాన్ని చూపుకు వస్తువుగా నిలిపే దృశ్యపద్ధతిని లారా మల్వీ 1975 నాటి ప్రసిద్ధ వ్యాసంలో విమర్శించింది. ఆ విమర్శ ఈ గేమ్‌కు పూర్తిగా వర్తించదు గాని, 2010లో ఇదే పరంపరలో వచ్చిన 'ది థర్డ్ బర్త్‌డే'కు బాగా వర్తిస్తుంది. అందులో దెబ్బలు తగిలిన కొద్దీ అయా దుస్తులు చిరుగుతాయి. ఒకే నాయిక, ఒకే పేరు. మొదటి గేమ్‌లో గాయం ఆమె శరీరంలోని రహస్యాన్ని తెలిపితే, మూడవ గేమ్‌లో అది ఆమె శరీరాన్ని ప్రదర్శించడానికి ఉపయోగపడింది. స్త్రీపాత్రను ప్రధానంగా పెట్టినంత మాత్రాన స్త్రీదృష్టి వచ్చినట్టు కాదని చెప్పడానికి ఈ రెండు గేమ్‌ల తారతమ్యం చాలు.

ఈవ్ చిత్రణలో బార్బరా క్రీడ్ వివరించిన లక్షణాలు స్పష్టంగా ఉన్నాయి. గర్భధారణ ఇక్కడ విపత్తు. ప్రసవం యుద్ధనౌకల చర్యకు కారణం. మాతృత్వాన్ని భీకరంగా చూపే ఈ ధోరణిని గేమ్ ప్రశ్నించలేదు. అయితే అయా, ఈవ్ ఇద్దరినీ ఒకే మూలానికి చెందినవారుగా నిలపడం వల్ల మంచి స్త్రీ, చెడ్డ స్త్రీ అన్న సులభమైన విభజన కొంత సడలింది.

8. మైటోకాండ్రియా: శాస్త్రమూ కల్పనా

ఈ కల్పనకు ఆధారమైన శాస్త్రవిషయాలను విడమరచి చూడడం అవసరం. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలు ఒకప్పుడు స్వతంత్ర బ్యాక్టీరియాలని, అవి మరొక కణంలో చేరి సహజీవనానికి అలవాటుపడ్డాయని లిన్ మార్గులిస్ 1967లో ప్రతిపాదించింది. వాటికి సొంత డీఎన్‌ఏ ఉంది. అది ప్రధానంగా తల్లి నుంచే సంతానానికి వస్తుంది. 1987లో రెబెకా కాన్, మార్క్ స్టోన్‌కింగ్, అలెన్ విల్సన్ 147 మంది మైటోకాండ్రియా డీఎన్‌ఏను పరిశీలించి, నేటి మానవుల మాతృవంశాలన్నీ సుమారు 2 లక్షల ఏళ్ల కిందట ఆఫ్రికాలో జీవించిన ఒక స్త్రీ దగ్గర కలుస్తాయని సూచించారు. ఆమెకే 'మైటోకాండ్రియల్ ఈవ్' అన్న పేరు వచ్చింది.

ఆ పేరు అపోహకు తావిచ్చింది. ఆమె తొలి స్త్రీ కాదు. ఆ కాలంలో జీవించిన ఏకైక స్త్రీ కూడా కాదు. ఆమె సమకాలీనులైన స్త్రీల మాతృవంశాలు ఎక్కడో ఒకచోట, ఆడసంతానం లేక, తెగిపోయాయి, ఆమెది మిగిలింది. ఈ పరిశోధనామార్గం తెలుగువారికి అపరిచితం కాదు. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు అండమాన్ ఆదివాసుల మైటోకాండ్రియా డీఎన్‌ఏను పరిశీలించి, వారి మాతృవంశాల ప్రాచీనతను 2005లో 'సైన్స్' పత్రికలో ప్రకటించారు.

మైటోకాండ్రియాలు తిరగబడతాయన్నది కల్పన మాత్రమే. మానవ మైటోకాండ్రియా డీఎన్‌ఏలో ఉన్నవి 16,569 క్షారజంటలు, 37 జన్యువులు. అవి తయారుచేయగల ప్రోటీన్లు 13. మైటోకాండ్రియాకు కావలసిన తక్కిన వెయ్యికి పైగా ప్రోటీన్లు కణకేంద్రకంలోని జన్యువుల నుంచే రావాలి. స్వతంత్రించడానికి అవసరమైన సామగ్రి దాని దగ్గర లేదు. కార్నియా ద్వారానో మూత్రపిండం ద్వారానో ఒకరి మైటోకాండ్రియాలు మరొకరి శరీరమంతటినీ ఆక్రమించడమూ జరగదు. అవయవదానంపై సమాజంలో ఇప్పటికే ఉన్న భయాలను ఇటువంటి కథలు బలపరచకుండా అధ్యాపకులు ఈ తేడాను స్పష్టం చేయవలసి ఉంటుంది.

అయినా కల్పనగా దీనికి ఒక అర్థగౌరవం ఉంది. వంశమంటే తండ్రిపేరన్న భావన బలంగా ఉన్న సమాజాలలో, తల్లి నుంచి కూతురికి మాత్రమే కొనసాగే వారసత్వాన్ని కథకు కేంద్రం చేయడం గమనార్హం.

9. పరిమితులు

గేమ్ సాధించిన పరిష్కారం చివరిదాకా నిలవలేదు. అయా శక్తి ఆమెను ఈవ్‌కు దగ్గర చేస్తోందని సంభాషణలు చెబుతాయి గాని, ఆ శక్తిని వాడినందుకు ఆమె వ్యక్తిత్వంలో నష్టమేదీ కలగదు. 'లిబరేట్' వాడాక శక్తిపట్టీ ఖాళీ అవుతుంది, అంతే. ఆడేవారికి అది ఖర్చు మాత్రమే, పతనం కాదు. ఆయుధాల గుణాలను ఒకదానినుంచి మరొకదానికి మార్చుకునే సౌకర్యం వల్ల కథ ముందుకు సాగేకొద్దీ తుపాకీ బలీయమై భయం పలచబడుతుంది. కథ భయాన్ని పెంచుతుంటే అంకెలు దాన్ని తగ్గిస్తుంటాయి.

ఒకసారి ముగించినవారికి తెరుచుకునే అదనపు ఆటలో ఈ వైరుధ్యం మరింత స్పష్టం. అందులో క్రిస్లర్ భవనం 77 అంతస్తులూ ఎక్కవచ్చు. శిఖరంపై మాయా రూపంలో ఉన్న అసలు ఈవ్ ఎదురవుతుంది. అయా జీవితరహస్యం నిజంగా పూర్తయ్యేది అక్కడే. కాని ఒకే తీరున సాగే అంతస్తులను గంటల తరబడి ఎక్కవలసి రావడం వల్ల చాలామంది ఆ ముగింపును చేరరు. కథాపరంగా ముఖ్యమైనదాన్ని శ్రమకు బహుమతిగా దాచిపెట్టడం నిర్మాణదోషం.

పాత్రలకు గొంతులు లేకపోవడం, అయా అంతరంగం కొద్ది మాటలకే పరిమితం కావడం తక్కిన లోపాలు. ఆ లోటును షిమొముర సంగీతం కొంతవరకు పూరించింది. ఒపేరా ధోరణినీ ఎలక్ట్రానిక్ ధ్వనులనూ కలిపిన ఆ సంగీతం నిర్మానుష్యమైన నగరానికి తగిన నేపథ్యమైంది. 1999లో వచ్చిన రెండవ గేమ్ కాలం ఆగే పద్ధతిని వదిలి 'రెసిడెంట్ ఈవిల్' బాటకు దగ్గరైంది. దానితో భయం పెరిగింది గాని రెండు ప్రక్రియల మధ్య ఏర్పడిన ఆసక్తికరమైన ఘర్షణ సన్నగిల్లింది.

10. ముగింపు

'పారసైట్ ఈవ్' పరిశీలన వల్ల తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

- సర్వైవల్ హారర్, రోల్ ప్లేయింగ్ ప్రక్రియల కలయికలోని చిక్కు మన ఆలంకారికులు చర్చించిన వీర భయానకాల ఏకాశ్రయ విరోధమే.
- ఈ గేమ్ ఆశ్రయాన్ని విడదీయకుండా, శక్తిమూలాన్నీ భయమూలాన్నీ ఒకటి చేసి ఆ విరోధాన్ని పరిహరించింది. ఆ పరిహారం నాయిక శరీరంలో జరగడం దీని ప్రత్యేకత.
- భయం స్త్రీప్రకృతికి చెందినదన్న పాత విభజనను అయా పాత్ర తిప్పివేసింది. ఆమె భయపడేది బలహీనురాలు కావడం వల్ల కాదు, బలవంతురాలు అవుతున్నందువల్ల.
- కథాస్థాయిలో సాధించిన ఈ సమన్వయాన్ని అంకెలపై నడిచే ఆటవిధానం పూర్తిగా నిలుపుకోలేదు.

గేమ్‌ను సమీక్షించేటప్పుడు కథను ఒక పక్కన, ఆటను మరొక పక్కన పెట్టి మార్కులు వేయడం వల్ల ప్రయోజనం తక్కువ. కథ చెప్పినదాన్ని ఆట చేయించిందా అన్నది అడగవలసిన ప్రశ్న. మొదటి ముగింపులో అయా మళ్లీ అదే కార్నెగీ హాలులో కూర్చుంటుంది. ఆమె కళ్లలోని మెరుపు చుట్టూ ఉన్న ప్రేక్షకుల కళ్లలోనూ కనిపిస్తుంది. శత్రువు నశించింది, శక్తి నశించలేదు. అంతదాకా ఆమెను గెలిపిస్తూ వచ్చినవారు ఆ చూపును తాము పెంచినదిగానే గుర్తించవలసి వస్తుంది. ఆ గుర్తింపు వీరమా, భయానకమా అన్నది ఒక్క మాటలో చెప్పలేకపోవడమే ఈ గేమ్ విజయం.